చెరువుగట్టు మీది తాడికల్లు

రాజమండ్రి మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు పైన ఉన్న ఉదయ్‌భాస్కర్ డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పెళ్లికొడుకుల గుణగణాలు కనుక్కోమనేవాళ్లే. అందుకని 1999 మార్చిలో ఒక ఉదయం, అరవైకి దగ్గరపడుతున్న ఒక పెద్దావిడ చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, మెట్లెక్కిన ఆయాసంతో గుమ్మం పట్టుకుని నిలబడితే, అసిస్టెంట్ సందీప్ ఇదీ పెళ్లి సంబంధమే కాబోలనుకుని కుర్చీ చూపించాడు.

ఆవిడ కూర్చోలేదు. వెనక్కి తిరిగి వీధిలోకి చూసింది.

"తలుపు వేస్తారా బాబూ? మా అబ్బాయి మనుషులెవరైనా చూస్తే బాగోదు. గోదావరి స్నానానికని చెప్పి వచ్చానండి."

సందీప్ తలుపు వేశాడు. లోపలి బల్ల దగ్గర ఉదయ్‌భాస్కర్ కాఫీ గ్లాసుని ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు ఆగి, నిరాశగా కిందికి దించాడు. అది ఆయన రోజూ చేసే పనే. రెండేళ్ల కిందట ముదిరిన జలుబు జ్వరంలో ఆయనకి వాసన పూర్తిగా పోయింది. తీపి, పులుపు, ఉప్పు, చేదు మాత్రం నాలుకకి తెలుస్తాయి, మిగతా రుచంతా ముక్కు చేసే పని అని డాక్టరు చెప్పాడు. అంటే ఆయనకి కాఫీ ఒట్టి వేడి చేదు నీళ్లు. అయినా ఏదో ఒక రోజు ఆ వాసన తిరిగొస్తుందని ప్రతి ఉదయం గ్లాసు ఎత్తుతాడు. సందీప్ అది చూసి చూడనట్టు తల తిప్పుకుంటాడు.

"నా పేరు సూర్యకాంతమ్మండి. భీమవరం పక్క పెదగరువు. మా తమ్ముడు చిట్టిరాజు పాతికేళ్ల కిందటే ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. తాడితోపులో కల్లు తాగాడని మా నాన్నగారు చెట్టుకి కట్టేసి కొట్టారు. ఆ సాయంత్రమే వెళ్లిపోయాడు. మళ్లీ కబురు లేదు. మొన్న సంక్రాంతి వెళ్లాక, ఒక మధ్యాహ్నం మా గేటు దగ్గర ఎవరో గెడ్డం మనిషి నిలబడ్డాడు. దాహమేస్తోంది, కాస్త మజ్జిగ దబ్బాకు నలిపి ఇస్తారా అన్నాడండి."

సందీప్ మంచినీళ్ల గ్లాసు అందించాడు.

"మజ్జిగలో దబ్బాకు నలిపి తాగడం మా చిట్టికే అలవాటు. నాకింకేం కావాలి? చిట్టీ అని పరుగెత్తి పట్టుకున్నాను. అప్పట్నుంచి మా ఇంట్లోనే ఉంటున్నాడు. మా అబ్బాయి శ్రీనివాసరాజు మాత్రం దొంగ అంటున్నాడు. ఆస్తి కోసం వచ్చాడు, పోలీసులకి అప్పజెప్తానంటున్నాడు."

"మీరేమంటారు?" అన్నాడు ఉదయ్‌భాస్కర్.

"ఉగాదికి కొత్త బట్టలు పెట్టి, ఊరందరి ముందూ నా తమ్ముడని చెప్పుకోవాలని ఉందండి. కానీ..." ఆవిడ కళ్లు తుడుచుకుంది. "వచ్చి ఇన్నాళ్లయింది, నాతో ఒక్కసారీ పోట్లాడలేదు. కూరలో ఉప్పెక్కువైందని ఒక్క మాటా అనలేదు. నా తమ్ముడు నాతో పోట్లాడకుండా పూట గడిపేవాడు కాదు. వయసొచ్చింది, మారాడు అనుకుంటాను. మళ్లీ భయమేస్తుంది. ఇతను కాకపోతే, మావాడు ఎక్కడున్నట్టు? ఏ చెట్టు కింద ఆకలితో కూర్చున్నట్టు? అవునో కాదో మీరు చెప్పండి బాబూ. అవునంటే మిమ్మల్ని దేవుడనుకుంటాను. కాదంటే... కాదనే చెప్పండి."

ఉదయ్‌భాస్కర్ కాఫీ గ్లాసుని పక్కకి జరిపాడు. తర్వాత ఒకటే ప్రశ్న అడిగాడు. "ఇప్పుడొచ్చినాయనకి కల్లు అలవాటు ఉందా?"

"అడక్కండి. తోపులో మా చెట్టు కల్లు తాగాలని వచ్చిన రోజే అన్నాడు. ఊళ్లో వాళ్లు నవ్వుతారని మా అబ్బాయి ఇంకా గడప దాటనివ్వలేదు."

"అయితే నేను ఊరూరా తిరిగి కల్లు రుచులు పత్రికకి రాసేవాణ్ణని మీవాళ్లకి చెప్పండి. నాలుగు రోజులు ఆయన్ని నాకు తోడు పంపండి. పత్రిక పనంటే మీ అబ్బాయి కాదనరు."

సందీప్ నోరు తెరిచాడు. వాళ్లది వ్యాపారస్తుల ఇల్లు. కల్లు అనే మాట ఇంట్లో పలికితే వాళ్ల నాయనమ్మ నోరు కడుక్కు రమ్మనేది.

"తాగాల్సింది నువ్వే సందీప్. నాకు వాసన తెలీదు కదా," అన్నాడు ఉదయ్‌భాస్కర్ చాలా గంభీరంగా. "ఉద్యోగ ధర్మం."

*

ఆవిడ రాజమండ్రికి పంపిన ఆ గెడ్డం మనిషి సన్నగా, ఎత్తుగా, ఎండకి నల్లబడి ఉన్నాడు. ఎవరు పలకరించినా నమస్కారం పెట్టేవాడు. అంబాసిడర్ కారులో వెనక సీట్లో ఒద్దికగా కూర్చుని, కిటికీలోంచి కాలవల్ని, అరటి తోటల్ని, లాకుల్ని కన్నార్పకుండా చూసేవాడు. అలా చూస్తున్న మనిషిని అనుమానించడం సందీప్‌కి కష్టంగా అనిపించింది.

మొదట కోరుకొండ దాటి మెట్ట పొలాల్లోకి వెళ్లారు. అక్కడ ఈతచెట్ల కల్లు. సందీప్ కళ్లు మూసుకుని ఒక గుక్క తాగి, పాలూ పులిసిన పిండీ కలిసిన వాసన వస్తోందని చెప్పాడు. ఉదయ్‌భాస్కర్ ఒక చుక్క నాలుక మీద వేసుకుని "తీపి, కాస్త పులుపు," అని ఊరుకున్నాడు.

మరునాడు రామచంద్రపురం వైపు కొబ్బరి తోటలో కొబ్బరికల్లు. అది చల్లగా, పలచగా ఉంది. సందీప్‌కి బాగా నచ్చింది. నచ్చిందని తెలియకూడదని ఎంత ప్రయత్నించినా రెండో ఆకు తనే అడిగాడు. ఉదయ్‌భాస్కర్ దానికీ "తీపి, కాస్త పులుపు," అనే అన్నాడు.

ఆ తోటలోనే ఒక చిన్న విషయం జరిగింది. గోదావరి జిల్లాల్లో కల్లు తాగే పద్ధతి ఒకటుంది. తాటాకు రెమ్మని దోనెలా మడిచి రెండు చేతులతో నోటికి ఆనించుకుంటారు. పోసేవాడు పైనుంచి ధారగా పోస్తూనే ఉంటాడు. చాలనుకున్నప్పుడు తల ఊపాలి, అంతే. గెడ్డం మనిషి అలా చెయ్యలేదు. ఆకుని ముందుకి చాపి, నిండేదాకా ఆగి, అప్పుడు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. సగం కల్లు మోచేతి మీదుగా కారిపోయింది.

"ఏ ఊరండి మీది?" అని కల్లు పోసేవాడు నవ్వాడు.

ఆయన సిగ్గుపడి గెడ్డం తుడుచుకున్నాడు.

కారెక్కాక సందీప్ ఉత్సాహం పట్టలేక ఉదయ్‌భాస్కర్ చెవిలో గుసగుసలాడాడు. "దొరికిపోయాడు సార్. ఆకు పట్టడం రాలేదు."

"పాతికేళ్లలో చెయ్యి మర్చిపోవచ్చు సందీప్. తొందరపడకు."

దారిలో ఉదయ్‌భాస్కర్ మామూలు కబుర్లలా ప్రశ్నలు వేశాడు. గెడ్డం మనిషి అన్నిటికీ జవాబు చెప్పాడు. కాలవలో పంటు మీద అవతలికి వెళ్లడం, గోదావరి ఎర్రబడ్డాక వచ్చే పులస చేప, పెంకుటిల్లు వసారాలో ఉయ్యాలబల్ల, దూడ పుట్టిన ఇంట్లో జున్ను. చెబుతున్నప్పుడు ఆయన మొహం వెలిగిపోయేది.

"మీ నాన్నగారు చాలా కోపిష్ఠి అంటారు?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "పెద్దవాళ్ల గురించి నేనేం మాట్లాడతానండి."

"చిన్నప్పుడు అక్కయ్యగారితో బాగా పోట్లాడేవారట?"

"ఆవిడ మనసు వెన్నండి," అని ఊరుకున్నాడాయన.

*

పెదగరువు చేరేసరికి సాయంత్రమైంది. ఊరి చుట్టూ రొయ్యల చెరువులే. రొయ్యలకి ఊపిరాడేందుకు గాలిచక్రాలు నీళ్లని చిలుకుతున్నాయి. సూర్యకాంతమ్మ ఇంటి పెరట్లో సందీప్ బోరు పంపు కొట్టి మొహం కడుక్కుని, పెదాలు తడుముకుని మొహం చిట్లించాడు.

"ఆ నీళ్లు నోట్లో పోసుకోకండి," అన్నాడు శ్రీనివాసరాజు. ముప్పై అయిదేళ్ల మనిషి, చేతికి బంగారు కడియం, గొంతులో చిరాకు. "తాగడానికి టిన్నులు వస్తాయి. చెరువులొచ్చాక బోర్లన్నీ ఇంతే."

ఉదయ్‌భాస్కర్ అతన్ని వసారాలో పక్కకి పిలిచాడు. "మీ అమ్మగారు ముచ్చటపడి చెప్పారు, మావయ్యగారు తిరిగొచ్చారని."

"మావయ్యగారా! నా మొహం. మీరు కల్లు రాసుకోండి, మా ఇంటి సంగతులు వద్దు." అని, అతనే ఆగలేక మళ్లీ మొదలెట్టాడు. "చెరువులున్న భూమిలో సగం చిట్టిరాజుగారి పేరు మీద ఉందండి. నాకేం అక్కర్లేదని ఒక్క సంతకం పెట్టు, మా ఇంట్లో హాయిగా ఉండు అన్నాను. పెట్టడు! నేనది చెయ్యలేనండి అని చేతులు కట్టుకుంటాడు. ఆశ లేకపోతే సంతకానికేం?"

"పోనీ, భూమి కావాలని అడిగారా?"

శ్రీనివాసరాజు ఆలోచించాడు. "అడగలేదు. అదే కదండి తెలివి."

మరునాడు పొద్దున్నే తోపుకి వెళ్లారు. తోపు అనేది పాత పేరు మాత్రమే. చెట్లన్నీ కొట్టి చెరువులు తవ్వేశారు. గట్టు మీద మాత్రం కొన్ని తాడిచెట్లు మిగిలాయి. కల్లుగీసే పోతురాజు అప్పుడే చెట్టెక్కే మోకు విప్పి, ముంత దించి గట్టు మీద పెడుతున్నాడు. గెడ్డం మనిషి ఎవరినీ ఏమీ అడగలేదు. కాలవ వైపు వాలిన ఒక చెట్టు దగ్గరికి తిన్నగా నడిచి వెళ్లి, దాని మొదలుకి రెండు చేతులూ ఆనించి నిలబడిపోయాడు.

"చూశారా బాబూ," అన్నాడు పోతురాజు గొంతు తగ్గించి. "అదే చిట్టిరాజుగారి చెట్టు. మా నాన్న గీసేటప్పుడు ఆయన ఆ చెట్టు కల్లే తాగేవారట. తెలియనోడు అలా వెళ్తాడా?"

సందీప్ అయోమయంగా ఉదయ్‌భాస్కర్ వైపు చూశాడు. అంతలో పక్కనే కూర్చున్న అమ్మిరాజు అనే ముసలాయన ఒక ఆకు తాగి, తుపుక్కున ఉమ్మాడు.

"ఛీ! ఇదీ ఒక కల్లేనా? ఈ రొయ్యల చెరువుల నోట్లో మన్ను పడా!"

"రోజూ తిడతారు, రోజూ వస్తారు," అన్నాడు పోతురాజు.

"పొద్దు పోవాలి కదరా," అని అమ్మిరాజు కర్ర పట్టుకుని లేచి వెళ్లిపోయాడు. ఇంకో ముసలాయన వచ్చాడు. ఆయనా ఒక ఆకు తాగాడు, ఆయనా చెరువుల్ని తిట్టాడు. ఉదయ్‌భాస్కర్ ఆ ఇద్దరినీ చాలా శ్రద్ధగా గమనించాడు.

తర్వాత సందీప్ తాగాడు. "కమ్మటి వాసన సార్. ముంజెల వాసన, తేనె వాసన. కానీ చివర్లో ఏదో తేడాగా ఉంది. ఏంటో చెప్పలేను."

ఉదయ్‌భాస్కర్ ఒక గుక్క తాగాడు. నాలుక మీద నిలిపి ఉంచాడు. ఈసారి తీపి, కాస్త పులుపు అనలేదు.

గెడ్డం మనిషి చెట్టు దగ్గర్నుంచి వచ్చి, చెప్పులు విప్పి నేల మీద మోకాళ్ల మీద కూర్చున్నాడు. పోతురాజు కాలవ వైపు చెట్టు ముంత తెచ్చి ఆకులో పోశాడు. ఆయన కళ్లు మూసుకుని తాగాడు. ఆకు ఖాళీ అయ్యాక కూడా దాన్ని నోటి దగ్గరే ఉంచుకున్నాడు. మూసిన కళ్లలోంచి నీళ్లు గెడ్డంలోకి దిగాయి.

"తియ్యగా ఉంది," అన్నాడాయన. "ఎప్పటిలాగే ఉంది."

పోతురాజు ఏదో అనబోయాడు. ఉదయ్‌భాస్కర్ అతని చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపాడు.

*

ఆ సాయంత్రం ఉదయ్‌భాస్కర్ అందర్నీ గట్టు మీదికే రమ్మన్నాడు. సూర్యకాంతమ్మ పుట్టిన దగ్గర్నుంచి ఎన్నడూ తోపులో కాలు పెట్టలేదు. రాజుల ఇంటి ఆడవాళ్లు అక్కడికి రారు. ఆవిడ కారు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, తమ్ముణ్ణి కట్టేసి కొట్టింది ఏ చెట్టుకో తెలియక ప్రతి చెట్టునీ చూస్తూ వచ్చింది. శ్రీనివాసరాజు ఆవిడ కోసం కుర్చీ వేయించి, తను ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గెడ్డం మనిషి కొంచెం దూరంగా నేల మీద కూర్చున్నాడు. పోతురాజు ముంతల పక్కన, సందీప్ ఉదయ్‌భాస్కర్ పక్కన ఉన్నారు.

"శ్రీనివాసరాజుగారూ, క్షమించాలి. నేను పత్రికకి రాసేవాణ్ణి కాదు. మీ అమ్మగారు పెట్టుకున్న డిటెక్టివ్‌ని," అన్నాడు ఉదయ్‌భాస్కర్. శ్రీనివాసరాజు ఉలిక్కిపడి తల్లి వైపు చూశాడు. ఆవిడ తల తిప్పలేదు.

"ఈయన చిట్టిరాజుగారు కాదనడానికి మొదట కనిపించింది ఆకు పట్టుకునే తీరు. అది పెద్ద విషయం కాదు. అవుననడానికి కనిపించింది ఈ చెట్టు. ఎవరూ చెప్పకుండా దీని దగ్గరికి వెళ్లారు. అదీ పెద్ద విషయం కాదు. కాలవ వైపు వాలిన చెట్టు అని ఎవరైనా చెప్పి ఉంటే చాలు. నన్ను ఆలోచనలో పడేసింది మీ మాటేనమ్మా. ఈయన మీతో ఒక్కసారీ పోట్లాడలేదన్నారు. దారిలో నేను ఈయన్ని చాలా అడిగాను. పులస, జున్ను, ఉయ్యాల, మజ్జిగ అన్నీ తెలుసు. నాన్నగారి దెబ్బలు తెలియవు. అక్కయ్యతో గొడవలు తెలియవు. మన చిన్నతనం మనకి గుర్తొస్తే కోపాలు కూడా గుర్తొస్తాయి. ఈయనకి తెలిసినవన్నీ తీపి సంగతులే. దూరంగా ఉండి ఇంటి మీద బెంగపెట్టుకున్న మనిషి పక్కవాడికి ఏం చెబుతాడో, అవి మాత్రమే ఈయనకి తెలుసు."

సూర్యకాంతమ్మ చేతులు కుర్చీని పట్టుకున్నాయి.

"ఇక ఈ పొద్దుటి సంగతి. ఈ నేల ఉప్పెక్కింది. బోరు నీళ్లు మీరు నోట్లో పోసుకోరు. చెట్టు కూడా ఆ నీళ్లే తాగుతోంది. వాసనకి మోసపోయి సందీప్ తేడా చెప్పలేకపోయాడు కానీ, నాకు ఆ వాసనే లేదు. నా నాలుకకి తెలిసింది ఒట్టి ఉప్పు. పాత రుచి ఎరిగిన ముసలాళ్లు ఒక్కొక్కరే వచ్చి, తాగి, చెరువుల్ని తిట్టి పోతున్నారు. పోతురాజూ, ఈ చెట్టు కల్లు మునుపటిలా ఉందా?"

"ఎక్కడిదండి," అన్నాడు పోతురాజు తల దించుకుని. "చెరువులొచ్చిన మూడో ఏటి నుంచే ఉప్పు."

"పాతికేళ్లు ఈ కల్లు కోసం కలవరించినవాడు మొదటి గుక్కకే కోప్పడాలి. ఈయన తియ్యగా ఉంది, ఎప్పటిలాగే ఉంది అన్నారు. ఈయన ఇంతకు ముందు దీన్ని ఎన్నడూ తాగలేదు. ఈయన చిట్టిరాజుగారు కాదు."

"నేను చెప్పలేదూ!" శ్రీనివాసరాజు ఒక్క అంగలో ముందుకొచ్చాడు. "దొంగ వెధవ! పోతురాజూ, పట్టుకో వీణ్ణి. స్టేషన్‌కి..."

"ఆగండి. దొంగ అని నేననలేదు." ఉదయ్‌భాస్కర్ గొంతు పెంచలేదు కానీ అతను ఆగాడు. "ఈయన 'నేను చిట్టిరాజుని' అని మీలో ఎవరితోనైనా ఒక్కసారి అన్నారా? గుర్తు తెచ్చుకోండి. గేటు దగ్గర చిట్టీ అని పిలిచింది మీ అమ్మగారు. సంతకం పెట్టమంటే నేనది చెయ్యలేనన్నారు, ఎందుకని? అది ఇంకొకరి పేరు కాబట్టి. ఆస్తి కోసం వచ్చినవాడైతే ఆ పేరు పెట్టడానికే వస్తాడు. మరి ఎందుకు వచ్చారో నేను ఊహించగలను కానీ, అది ఈయనే చెప్పాలి. మీ పేరేంటండి?"

గెడ్డం మనిషి లేచి నిలబడ్డాడు. ఎవరి వైపూ చూడకుండా సూర్యకాంతమ్మ పాదాల వైపే చూస్తూ మాట్లాడాడు.

"రాముడండి. మారేడుమిల్లి అవతల కొండమీది ఊరు. చిట్టిరాజుగారు అడవిలో వెదురు నరికే కూపులో గుమస్తాగా వచ్చారండి, మా ఇంట్లోనే ఉండిపోయారు. మా జీలుగు చెట్టు కల్లు పోసినప్పుడల్లా, ఇది కాదురా రాముడూ, మా గట్టు మీది తాడికల్లు తాగాలిరా అనేవారు. రోజూ ఊరికి వెళ్దామనే అనేవారండి. నాన్న పిలిస్తే వెళ్తాననేవారు. నాన్నగారు పోయారని ఎవరో చెప్పాక, ఇంకే మొహం పెట్టుకుని వెళ్లనురా అన్నారు."

"ఎప్పుడు?" అంది సూర్యకాంతమ్మ. ఆ ఒక్క మాటలో ఏమడుగుతోందో అందరికీ అర్థమైంది.

"పోయిన వానల్లోనమ్మా. చలిజ్వరం. నా చేత్తోనే జావ పట్టాను. ఆఖర్న కల్లు అడిగారు. మా చెట్టు కల్లు తెచ్చి నోట్లో పోస్తే, ఇది కాదురా అన్నారు. నువ్వెళ్లి ఒక ఆకు తాగి రారా, నేను తాగినట్టే, అన్నారు. మా అక్కయ్యకి కబురు చెప్పమన్నారు. చెప్పాలనే వచ్చానమ్మా. దాహం వేసి మజ్జిగ అడిగాను. ఆయన ఎప్పుడూ చెప్పేదే నోటికొచ్చింది. మీరు చిట్టీ అని పరుగెత్తుకొచ్చారు. ఆ మొహం చూసి పోయారని ఎలా చెప్పను? రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూ..."

ఆయన రెండు చేతులూ జోడించాడు.

"కల్లు ఉప్పగానే ఉందండి. నాకూ తెలిసింది. కానీ నేను తాగింది ఆయన కోసం. ఆయన అడిగితే ఏమని చెప్పను? ఉప్పగా ఉందని చెప్పలేక, తియ్యగా ఉందని చెప్పాను."

ఉదయ్‌భాస్కర్ తల దించుకున్నాడు. కేసు సరిగ్గానే తేల్చాడు కానీ, ఆ ఒక్క విషయం ఆయన లెక్కలోకి రాలేదు. సందీప్ చేతిరుమాలు వెతుక్కుంటున్నాడు.

సూర్యకాంతమ్మ కుర్చీలోంచి లేచింది. ఇన్నేళ్లుగా దాచిపెట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటికి వచ్చింది. శ్రీనివాసరాజు ఆవిడ భుజం మీద చెయ్యి వేయబోతే తోసేసింది. చెట్టు దగ్గరికి వెళ్లి దాని మొదలుకి తల ఆనించి, "ఒక్కసారి వచ్చి పోకూడదట్రా, నాన్న పిలవకపోతే నేను పిలవనా" అని చిన్నపిల్లలా ఏడ్చింది. ఆవిడ పిలవడానికి ఎక్కడున్నాడో తెలియలేదు. ఆయన రావడానికి పిలుపు రాలేదు. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క పూట బస్సు ప్రయాణం.

ఏడుపు ఆగాక ఆవిడ మొహం తుడుచుకుని పోతురాజు వైపు తిరిగింది.

"ఈ చెట్టుదేనా ఆ ముంత? ఒక ఆకు ఇవ్వరా."

"అమ్మా!" అన్నాడు శ్రీనివాసరాజు. "ఎవరైనా చూస్తే..."

"చూడనీ."

పోతురాజు ఆకు మడిచి ఇచ్చాడు. ఆవిడకీ పట్టుకోవడం చేతకాలేదు. రాముడిలాగే ముందుకి చాపింది. సగం కల్లు చీర మీద ఒలికింది. మిగిలింది కళ్లు మూసుకుని తాగింది. అందరూ ఆవిడ మొహమే చూస్తున్నారు.

"ఉప్పే," అంది ఆవిడ. ఆకు మడత విప్పి చెరువు వైపు చూస్తూ అంది. "వాడికి తెలియకపోవడమే నయం. వాడి నోట్లో తియ్యగానే ఉండిపోయింది."

శ్రీనివాసరాజు చెరువు వైపు చూడలేక నేల వైపు చూశాడు. గాలిచక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

"ఎక్కడ పడుకోబెట్టావు?" అని అడిగింది ఆవిడ రాముణ్ణి.

"వాగు ఒడ్డునమ్మా. జీలుగు చెట్టు కింద."

"రేపు తీసుకెళ్లు. చెయ్యాల్సినవి ఉన్నాయి." కొడుకు వైపు తిరిగి, "కారు నువ్వే తోలాలి. మేనమామకి చెయ్యాల్సింది నువ్వే," అంది. శ్రీనివాసరాజు సరేనని తల ఊపాడు.

రాముడు ఇంకా చేతులు జోడించే ఉన్నాడు. ఎక్కడికి పోవాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, చెప్పులు వేసుకోబోయాడు. సూర్యకాంతమ్మ ఆయన వైపు రెండడుగులు వేసింది. ఇన్నాళ్లు తమ్ముడని అన్నం పెట్టిన మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"మరి రెండు నెలలు నా చేతి అన్నం తిన్నావు, ఒక్కసారైనా కూరలో ఉప్పెక్కువైందని అనకూడదూ? అంటే నాకు అనుమానమే వచ్చేది కాదు."

"మీ వంటకి వంక పెట్టకూడదని చిట్టిరాజుగారు చెప్పారండి," అన్నాడు రాముడు. "పెడితే నాలుగు రోజులు మాట్లాడదురా మా అక్క అనేవారు."

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతుంటే మళ్లీ కళ్లు నిండాయి. అది నిజంగా వాడి మాటే.

"గొంతెండిపోయి ఉంటుంది. పద, మజ్జిగ కలుపుతాను," అంది. "పెరట్లోకి వెళ్లి దబ్బాకు కోసుకురా."